ఎర్ర గోలీ, తెల్ల గోలీ, మా అక్క కొడుకు

దసరాకు వచ్చిన మా అక్క కొడుకు ఇంట్లో కుదురుగా ఉండక, నా మెడికల్ షాపుకొచ్చి కౌంటర్ వెనక స్టూలేసుకుని కూర్చున్నాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గిరాకీ కాస్త తగ్గినంక మెల్లగా అడిగిండు: "చిన్నమ్మా, మైక్రోడోసింగ్ అంటే నీకెరుకేనా?"

కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చదివి, హనుమకొండలో ఇరవై రెండేండ్లుగా గోలీలు అమ్ముతున్నదాన్ని. ఎరుకే.

"ఏమన్న ఏసుకున్నవారా?"

"లేదు. మా టీమ్‌ల ఒకరిద్దరు చేస్తున్నరు. పని మీద ధ్యాస మంచిగ నిలుస్తదట."

మైక్రోడోసింగ్ అంటే, లేనివి కనిపించేలా చేసే ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు గానీ, సైలోసిబిన్ అనే అలాంటి మందే ఉండే పుట్టగొడుగులు గానీ మత్తెక్కే మోతాదులో పదో వంతో ఇరవయ్యో వంతో తీసుకోవడం. ఒకరోజు వేసుకుని రెండు రోజులు ఆపే పద్ధతిని జేమ్స్ ఫాడిమన్ అనే అమెరికా సైకాలజిస్టు ప్రచారంలోకి తెచ్చాడు. రంగులు కనిపించవు, ఆఫీసుకు పోయి రావచ్చు అంటారు.

నేను అరలోంచి థైరాక్సిన్ డబ్బా తీసి వాడి చేతిలో పెట్టిన. "ఒక గోలీల మందెంత?"

"25."

"25 ఏంటియి?"

"మిల్లీగ్రాములు."

మైక్రోగ్రాములు! మిల్లీగ్రాములో నలభయ్యో వంతు. గోలీలో మిగిలిందంతా ఉత్త పిండి. ఆ పిండిలో మందు సమంగా కలిసిందా లేదా అని కంపెనీ ప్రతి బ్యాచీనీ పరీక్షించాలి. ఎల్‌ఎస్‌డీ మైక్రోడోసు పది మైక్రోగ్రాముల దగ్గర్లో ఉంటుంది. టీమ్ పిలగాడు ఆ మందు పీల్చిన చిన్న కాగితం ముక్కను కత్తెరతో పది చేస్తే, ఏ ముక్కలో ఎంతుందో చూసిందెవరు? అసలది ఎల్‌ఎస్‌డీయేనా? ఆ పేరుతో ఎన్‌బోమ్ అనే వేరే మత్తుమందు రకాలు అమ్మితే వేసుకుని చచ్చిపోయినవాళ్ళున్నారు. మన దగ్గర కల్లులో ఆల్‌ప్రజోలం అనే నిద్రమందు కలిపి అమ్ముతారు, తాగేటోళ్ళకు ఆ సంగతే తెల్వదు. కల్లు దొరకని నాడు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి దవాఖాన్ల పడుతరు. మందు వేరే, కథ అదే.

"మరి వాళ్ళకు మంచిగైతుంది కదా?"

దీనికి మా షాపు సంగతే చెప్పిన. ఒక ముసలాయన బీపీకి ఏండ్ల సంది ఎర్ర గోలీ వాడేవాడు. స్టాకు లేక అదే మందు, అదే పవరు, వేరే కంపెనీది తెల్ల గోలీ ఇచ్చిన. మూడో రోజు కర్ర పట్టుకుని వచ్చి కౌంటర్ మీద కొట్టిండు. "ఇది పనిచేస్తలేదు బిడ్డా, తల తిరుగుతుంది." బీపీ చూస్తే మామూలుగానే ఉంది. మళ్ళీ ఎర్రది ఇస్తే తల తిరుగుడు పోయింది. ఆయన అబద్ధమాడలేదు.

లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు మైక్రోడోసింగ్‌లోనూ దాదాపు ఇదే చూసి 2021లో ప్రచురించారు. 191 మంది ఇంట్లోనే ఎవరి క్యాప్సూల్స్ వాళ్ళే నింపుకుని, ఏది మందో ఏది ఖాళీదో తమకే తెలియకుండా కలుపుకుని వేసుకున్నారు. నాలుగు వారాలకు మందు తీసుకున్నవాళ్ళూ బాగయ్యారు, ఖాళీవి మింగినవాళ్ళూ బాగయ్యారు. రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను వేసుకున్నది మందే అని ఎవరు అనుకుంటే వాళ్ళకు పనిచేసింది.

"ఆస్ట్రేలియాల డాక్టర్లే సైలోసిబిన్ రాస్తున్నరంట కదా" అన్నడు. నిజమే, 2023 జూలై నుంచి. కానీ అది వేరే మందులకు లొంగని డిప్రెషన్‌కు, అనుమతి ఉన్న సైకియాట్రిస్టు చేతుల మీదుగా, పెద్ద మోతాదులో, పక్కన మనిషిని కూర్చోబెట్టి ఇచ్చేది. ఇంట్లో పొద్దున చాయ్‌తో వేసుకునేది కాదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ళతోనే నాకు తలనొప్పి.

ఇక గుండె. ఈ మందులు 5-హెచ్‌టీ2బీ అనే గ్రాహకాన్ని, అంటే ఒంట్లో మందు వచ్చి అతుక్కునే ఒక చోటును, కూడా తాకుతాయి. అదే దారిలో పోయే ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు తగ్గించే మందు గుండె కవాటాలను చెడగొడుతోందని 1997లో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు. వారానికి రెండు మూడుసార్లు నెలల తరబడి వేసుకుంటే ఏమవుతుందన్న భయం అక్కడి నుంచే వచ్చింది. బైపోలార్ అనే మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్ళకైతే ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి.

"నువ్వేమన్న మందులు వాడుతున్నవా?" అని ఊరికే అడిగిన.

కాసేపు థైరాక్సిన్ డబ్బా మూత తిప్పుకుంట కూసున్నడు. నిరుడు ఒక డాక్టర్ ఎస్‌సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాసిండట. మూడు నెలలు వాడి తనే ఆపేసిండట. మా అక్కకు తెల్వదు.

చట్టం సంగతి తర్వాత చెప్పిన, తక్కువే చెప్పిన. మత్తుమందుల మీదున్న మన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఎల్‌ఎస్‌డీకి 0.1 గ్రామే వాణిజ్య పరిమాణం. అది దాటితే పదేండ్లకు తక్కువ కాకుండా జైలు. కాగితం బరువు కలపాలా వద్దా అన్న దాని మీదే కోర్టుల్లో వాదనలు నడిచాయి. అప్పటికి వాడు వినడం లేదు.

"నిద్ర వడుతుందారా?"

"మూడింటికి, నాలుగింటికి."

మనసు బాగాలేనోళ్ళ కోసం సర్కారు నడిపే టెలీ మానస్ ఫోన్ నంబర్ 14416 బిల్లు వెనక రాసిచ్చిన. తెలుగులోనే మాట్లాడతారు, పైసలు తీసుకోరు. నిరుడు చూసిన డాక్టర్ దగ్గరికే మళ్ళీ పొమ్మన్న. బిల్లు మడిచి ఫోన్ కవర్‌ల పెట్టుకుని, "అమ్మకు నువ్వు చెప్పకు, నేనే చెప్త" అన్నడు. ఆ రాత్రి షటర్ వాడే దించిండు.