పదో తరగతి పిల్లల కోసం నవల: చదవడం, రాయడం – నా అనుభవం

పదో తరగతి, ఇంటర్ పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తీసుకుని చదివే నవల ఒకటి రాయాలని చాలాకాలంగా ఉంది. పెద్దవాళ్ళ కథలు రాశాను, కొన్ని పత్రికల్లో వచ్చాయి. ఈ వయసు వాళ్ళకి రాయాలంటే మాత్రం వాళ్ళ చేతికి అందేవి ఏమున్నాయో ముందు చూడాలి కదా అని, రాత పక్కన పెట్టి చదువుడు మొదలుపెట్టాను. ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, పుస్తకాల పండగలో పిల్లల స్టాళ్ళు, ఫోన్లో పాత చందమామలు, ఏది దొరికితే అది.

బొమ్మల పుస్తకాలు మనకి బాగానే ఉన్నాయి. అవి దాటగానే ఇక పెద్దవాళ్ళ నవలలే. ఈ రెంటికీ మధ్య వయసున్న పిల్లలు కనిపించే కథలు లేవని కాదు, బోలెడున్నాయి, కాకపోతే వాటిలో చాలావరకు నలభై దాటినాయన వెనక్కి చూసుకుని మురిసిపోతూ రాసినవి. చెరువులో ఈతలు, తాటిముంజెలు, మాస్టారి బెత్తం. నాకూ ఇష్టమే, నవ్వుకుంటూ చదువుతాను. రేపు ఫిజిక్స్ స్లిప్ టెస్ట్ ఉన్న పిల్లకి మాత్రం అందులో తన ముఖం ఎక్కడ కనిపిస్తుంది?

చందమామ సీరియళ్ళని పెన్సిల్ పట్టుకుని చదివాను. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో మొదలైన తోకచుక్క దగ్గర్నుంచి వరసగా రాశారు. భాగాన్ని ఎక్కడ ఆపుతున్నారు, పోయిన నెల ప్రమాదాన్ని ఈ నెల ఎన్ని వాక్యాల్లో తేల్చేస్తున్నారు, ఇవే గీతలు గీసుకుంటూ పోయాను. మనసులో ఏమనుకున్నాడో చెప్పే పేరాలు దాదాపు ఉండవు. ఏం చేశాడో ఉంటుంది, దాన్నిబట్టి వాడెలాంటివాడో మనకే తెలిసిపోతుంది. నేను పెద్దల కథల్లో పేజీలకి పేజీలు మథనం నడిపిస్తాను కాబట్టి ఇది నాకు బాగా పనికొచ్చింది.

ఇంగ్లీషులో ది అవుట్‌సైడర్స్ చదివాను. ఎస్.ఇ. హింటన్ దాన్ని 15 ఏళ్ళకే మొదలుపెట్టింది, 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకి 18. కథ చెప్పే అబ్బాయికి అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు, అన్నలే దిక్కు. ఎనిడ్ బ్లైటన్ రాసిన మాలరీ టవర్స్ పుస్తకాల్లో అయితే పిల్లల్ని రైలెక్కించి బోర్డింగ్ స్కూలుకి పంపేస్తారు. అంటే ముందు పెద్దవాళ్ళని పక్కకి తప్పించాలి, అప్పుడే పిల్లలు సొంతంగా ఏదైనా నిర్ణయించుకోగలరు. మనింట్లో అదెలా కుదురుతుంది? హాల్లో నానమ్మ, వంటింట్లో అమ్మ, నాన్న ఫోన్లో కాలేజీవాళ్ళు పంపిన మార్కుల మెసేజీ. పిల్ల బాత్రూంలోకెళ్ళి గడియ పెట్టుకున్నా "ఎంతసేపే" అని తలుపు కొడతారు. (అమ్మానాన్నల్ని ఊరికే చంపేయడం నాకు నచ్చదు, చవకబారు పని.)

అప్పుడు తట్టింది, మన పిల్లలకి ఇల్లు కాని చోటు ఉండనే ఉందని. హాస్టల్. ఇంటర్ అనగానే ట్రంకు పెట్టె, బకెట్టు కొనిచ్చి దింపేసి వస్తాం. తెల్లారకముందే బెల్లు, స్టడీ అవర్లు, ఫోను చేయాలంటే వరసలో నిలబడాలి. ఆదివారం అమ్మానాన్నలు వస్తే గేటు లోపల చెట్టు కింద దుప్పటి పరుచుకుని, స్టీలు క్యారేజీ విప్పి, చికెన్ కూర కలిపి పెడుతూ మధ్యలో "ర్యాంకెంత" అంటారు. ఆ ముద్ద నోట్లో ఉండగా పిల్ల చెప్పే అబద్ధం దగ్గర నా నవల మొదలైంది.

ఇక లక్ష్యాల సంగతి. ఒక్క నెలలో 50,000 మాటలు రాసేయాలనే పద్ధతి ఒకటి 1999లో అమెరికాలో పుట్టి చాలా దేశాలకి పాకింది. ఆ అంకె నాకు పెట్టుకోలేదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది, మాటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. వారానికి ఒక సీను, అందులో ఎవరో ఒకరు వెనక్కి తీసుకోలేని పని ఒకటి చెయ్యాలి. నాలుగు వాక్యాల్లో అయిపోయినా ఆ వారం లెక్కలోకి వచ్చినట్టే. చదవడానికి నెలకి కనీసం ఒక పుస్తకం, అదీ ఈ వయసు వాళ్ళదే. ముగింపు దాకా వెళ్ళకుండా మొదటి అధ్యాయాన్ని మళ్ళీ దిద్దడానికి ముట్టుకోకూడదు, ఇది అన్నిటికంటే కష్టంగా ఉంది.

రాసింది మా అక్క కూతురితో పైకి చదివిస్తున్నాను. అది ఎక్కడ గబగబా దాటేస్తే అక్కడ గుర్తు పెట్టుకుంటాను, అడిగితే మాత్రం మొహమాటానికి బాగుందనే అంటుంది. హాస్టల్ గదిలో ఇద్దరు స్నేహితురాళ్ళు గొడవపడే చోట ఆగిపోయింది.

"పిన్నీ, వీళ్ళు ఇంత పూర్తిగా ఎందుకు మాట్లాడుకుంటున్నారు?"

"మరి గొడవ కదమ్మా."

"గొడవైతే అసలు మాట్లాడుకోరు పిన్నీ. దాని బకెట్టు తీసి బయట పెట్టేస్తారు."

పేజీన్నర సంభాషణ తీసేసి బకెట్టు పెట్టాను. ఇప్పుడు వార్డెన్ దగ్గర ఆగాను. ఆవిడని ఎలా రాసినా సినిమా విలన్‌లా వస్తోంది. మా అక్క కూతురి సీనియర్ ఒకమ్మాయి సెలవులకి వస్తోందట, రెండేళ్ళు హాస్టల్లో ఉన్న పిల్ల, వార్డెన్ గురించి తననే అడుగుతాను. ఈ నెల సీన్లన్నీ ఆవిడవే.