శ్లాబు కారుతోందా? ముందు మూలలు చూడండి

వైజాగ్‌లో మేడ కారుతుంటే అందరూ మొదట శ్లాబు నడిమధ్యనే అనుమానిస్తారు. ఎక్కువసార్లు దొంగ అక్కడుండదు. పిట్టగోడ శ్లాబుని కలిసే మూల, వాన నీటి గొట్టం మూతి, ట్యాంకు దిమ్మె చుట్టూ చూడండి.

పగులు మీద నేరుగా రంగు పూయడం దండగ. పగటి ఎండకి శ్లాబు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, పగులు మళ్లీ నోరు తెరుస్తుంది. దాన్ని 10 మిల్లీమీటర్ల లోతున వి ఆకారంలో చెక్కి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో నింపాలి. మూలల్ని మాలుతో గుండ్రంగా తిప్పి, నీరు దిగకుండా పూసే వాటర్‌ప్రూఫ్ కోటింగుని గోడ మీదకి అడుగు ఎత్తు ఎక్కించాలి. మొదటి కోటు పచ్చిగా ఉండగానే ఫైబర్ మెష్ (సన్నటి వల) పరవాలి, ఆరాక రెండో కోటు మొదటిదానికి అడ్డంగా.

తడి శ్లాబు మీద పూస్తే ఆవిరికి బుడగలొస్తాయి. పాలిథీన్ ముక్క అంచులకి టేపు వేసి ఒక రోజు వదిలేయండి, కింద చెమ్మ పడితే ఆగండి. అందుకే ఈ పని మార్చి, ఏప్రిల్‌లో. తుఫాన్ల కాలం దాకా ఆగకండి, హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరులో, గుర్తుందిగా!

సముద్రపు గాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి సీలింగు పెచ్చులూడుతుంటే మాత్రం పైపూత చాలదు, ముందు తుప్పు గీకించాలి.

పనయ్యాక గొట్టాలు మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. మేస్త్రీకి మిగతా డబ్బులు ఆ తర్వాతే.