బయోటిన్‌ను పట్టే యాంటీబాడీ

నల్లగొండలో మా ఎమ్మెస్సీ విద్యార్థులతో కలిసి, ఊళ్లోని దుకాణం నుంచి తెచ్చిన కోడి కాలేయంలోని ప్రోటీన్లలో బయోటిన్ ఉన్నవాటిని మోనోక్లోనల్ యాంటీబాడీతో (ఒకే కణం సంతతి నుంచి వచ్చి, ఒకే లక్ష్యాన్ని పట్టే రోగనిరోధక ప్రోటీన్‌తో) గుర్తించే ప్రయోగం ఈ వారం పూర్తిచేశాను.

బయోటిన్ అంటే విటమిన్ బి7. 244 డాల్టన్ల అణుభారం గల ఇంత చిన్న పదార్థాన్ని రోగనిరోధక వ్యవస్థ తనంతట తాను పట్టించుకోదు కనుక, దానిని ఒక పెద్ద ప్రోటీన్‌కు జోడించి ఎలుకకు ఎక్కించి, కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 1975లో వెల్లడించిన హైబ్రిడోమా పద్ధతిలో (యాంటీబాడీని తయారుచేసే కణాన్ని ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపే పద్ధతిలో) ఈ యాంటీబాడీని తయారుచేస్తారు.

ఈ పనికి ఎక్కువమంది వాడేది స్ట్రెప్టావిడిన్ అనే బ్యాక్టీరియా ప్రోటీన్. దాని పట్టు ఎంత గట్టిదంటే, ఒకసారి బయోటిన్‌ను అందుకున్నాక మామూలు ద్రావణాలతో విడిపించడం చాలా కష్టం. యాంటీబాడీ పట్టు అంత బిగువు కాదు. పట్టిన పెప్టైడ్‌లను (ప్రోటీన్ ముక్కలను) ఆమ్ల ద్రావణంతో విడిపించి, అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపగలగడం వల్ల నాకు ఆ సడలింపే దాని గొప్ప గుణమనిపిస్తుంది.

ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసి, ఒక పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో పరీక్షించాం. మేము బయటినుంచి బయోటిన్ కలపని నమూనాలోనూ 75, 130 కిలోడాల్టన్ల దగ్గర పట్టీలు కనిపించడంతో పిల్లలు కలవరపడ్డారు. అవి కాలేయంలో సహజంగానే బయోటిన్‌ను ధరించి పనిచేసే కార్బాక్సిలేజ్ ఎంజైములు. విడి బయోటిన్‌ను అధికంగా కలిపిన యాంటీబాడీతో మరో పొరను పరీక్షించగా ఆ పట్టీలు పూర్తిగా మాయమయ్యాయి; అంటే యాంటీబాడీ అక్కడ పట్టింది బయోటిన్‌నే. ఈ సరిచూపు లేని ఫలితాన్ని నేను ఏ విద్యార్థి నివేదికలోనూ అంగీకరించను.