బుల్‌పెన్ బేరంలో ఈఆర్ఏ కంటే ముందు చూడాల్సినవి

2017 డిసెంబరులో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు కొలరాడో రాకీస్ ముగ్గురు సీనియర్ రిలీవర్లకు (మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ తప్పుకున్నాక బంతి వేసేవాళ్లు, వాళ్ల బృందమే బుల్‌పెన్) కలిపి 10 కోట్ల 60 లక్షల డాలర్లు రాసిచ్చింది. వేడ్ డేవిస్‌కి మూడేళ్లకు 5.2 కోట్లు, బ్రయాన్ షాకి, జేక్ మెగీకి మూడేళ్లకు చెరో 2.7 కోట్లు. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి మూడు ఔట్లు; కాగితం మీద ఏడు, ఎనిమిది, తొమ్మిదో ఇన్నింగ్స్‌కి తాళం పడిపోయినట్టే. మరుసటి ఏడాది షా ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడ్డ పరుగులు, తక్కువుంటే మేలు) 5.93, మెగీది 6.49. డేవిస్ 2018లో 43 సేవ్‌లు (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన మ్యాచ్‌లు) చేశాడు కానీ 2019లో అతడి ఈఆర్ఏ 8.65కి పోయింది. ముగ్గురిలో ఒక్కరూ గడువు తీరేదాకా ఆ జట్టులో లేరు.

తప్పంతా రాకీస్ ఊరు డెన్వర్ ఎత్తు మీదికి నెట్టేయడం తేలికే, అందులో కొంత నిజమూ ఉంది. అక్కడ గాలి పలచన, బంతి తిరగాల్సినంత తిరగదు. షా ఆధారపడిందేమో కట్టర్ మీద, అంటే చివర్లో పక్కకి జరిగే ఫాస్ట్‌బాల్ మీద. కానీ అదే షా అంతకుముందు క్లీవ్‌లాండ్‌లో వరసగా ఐదేళ్లు, ఏ ఏడూ 70 మ్యాచ్‌లకు తగ్గకుండా వేశాడు. ఆ అంకెను చాలామంది ‘నమ్మకస్తుడు’ అని చదువుతారు. నేనైతే ‘అరిగిన చెయ్యి’ అని చదువుతాను. మెగీ సంగతి ఇంకా చిత్రం. 2020లో రాకీస్ వదిలేశాక డాడ్జర్స్‌కి వెళ్లి, దాదాపు అన్నీ ఫాస్ట్‌బాల్సే వేసి, 20 ఇన్నింగ్స్‌లో 33 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేసి ముగ్గురికే వాక్‌లిచ్చాడు (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే దక్కే బేస్). ఈఆర్ఏ 2.66. మనిషి అతడే, వాడకం మారింది.

రిలీవర్ ఈఆర్ఏని ఎందుకు నమ్మకూడదో ఒక లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఏడాదికి 60 ఇన్నింగ్స్ వేసి 20 పరుగులిస్తే ఈఆర్ఏ 3.00. వాటికి తోడు ఒక్క రాత్రి ఎవరినీ ఔట్ చేయలేక ఆరు పరుగులిచ్చాడనుకోండి, 3.90 అవుతుంది. ఒక్క చెడ్డ రాత్రితో మంచి రిలీవర్ కాస్తా సగటు రిలీవర్ అయిపోయాడు. ఇంకో మోసం కూడా ఉంది. ముందు పిచర్ బేస్‌ల మీద వదిలివెళ్లిన రన్నర్లు స్కోర్ చేస్తే ఆ పరుగులు రిలీవర్ ఖాతాలో పడవు. లీగ్ మొత్తమ్మీద అలాంటి రన్నర్లలో సుమారు మూడో వంతు స్కోర్ చేస్తారు. ఈఆర్ఏ 2.50 ఉండి, వారసత్వంగా వచ్చిన రన్నర్లలో సగం మందిని స్కోర్ చేయనిచ్చిన రిలీవర్ ఏడో ఇన్నింగ్స్ మధ్యలో దింపడానికి పనికిరాడు.

అందుకే మొదట చూడాల్సింది ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎంత శాతాన్ని స్ట్రైకౌట్ చేశాడు, ఎంత శాతానికి వాక్ ఇచ్చాడు, రెంటికీ తేడా ఎంత అన్నది. లీగ్ సగటు అటూఇటూగా 22, 8, అంటే తేడా 14. ఎనిమిది, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నిలబెట్టే మనిషికి ఈ తేడా 20 దాటాలి. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఎన్ని స్ట్రైకౌట్లు అనే పాత కొలత వద్దు. వాక్‌లు, హిట్‌లు ఎక్కువిచ్చే పిచర్ ఇన్నింగ్స్‌లో ఎక్కువమందిని ఎదుర్కొంటాడు, దాంతో ఆ అంకె దానంతటదే ఉబ్బుతుంది. ఏటా 250 మంది బ్యాటర్లను చూసే రిలీవర్‌కి స్ట్రైకౌట్ శాతం త్వరగానే కుదురుకుంటుంది. ఆటలో పెట్టిన బంతులు హిట్‌లయ్యాయా, ఫీల్డర్ చేతిలో పడ్డాయా అన్నది మాత్రం ఒక్క ఏడాదిలో కుదురుకోదు. క్రికెట్లో ఎడ్జ్ ఒక రోజు స్లిప్ చేతికీ, ఇంకో రోజు స్లిప్‌కీ గల్లీకీ మధ్యనుంచి బౌండరీకీ పోయినట్టే ఇదీను.

కర్బీ యేట్స్‌ని చూడండి. 2024లో 37 ఏళ్ల వయసులో టెక్సస్ తరఫున 33 సేవ్‌లు, 1.17 ఈఆర్ఏ. 61 ఇన్నింగ్స్ పైచిలుకులో 85 స్ట్రైకౌట్లు, అది అసలైన బలమే. కానీ 1.17 అనేది ఎవరి చేతికీ రెండో ఏడాది నిలిచే అంకె కాదు. డాడ్జర్స్ ఒక ఏడాదికి 1.3 కోట్లకు తీసుకుంది. 2025లో గాయాల జాబితాకి వెళ్లొచ్చాడు, ఈఆర్ఏ 5.23. నా దృష్టిలో ఆ ఒప్పందం తప్పేం కాదు. ఒక్క ఏడాదే కాబట్టి పోయింది ఆ ఏడాది జీతమే. అదే అంకె చూసి మూడేళ్లు రాసి ఉంటే అప్పుడు తప్పయ్యేది.

ఆ తర్వాత వేగం. సగటు వేగం పక్కనపెట్టి ఏప్రిల్‌లో ఎంత, సెప్టెంబరులో ఎంత, అంతకుముందు ఏడాది అవే నెలల్లో ఎంత అని నాలుగు అంకెలు పక్కపక్కన రాసుకోండి. వయసు మీదపడ్డ పిచర్ ఏప్రిల్లో నెమ్మదిగా మొదలై వేసవికి ఒక మైలు పుంజుకుంటే కంగారుపడక్కర్లేదు. ఏప్రిల్లో గంటకి 95 మైళ్లు వేసి ఆగస్టుకి 93.5కి జారితే మాత్రం ఆ శీతాకాలం కొనకూడదు. ఫాస్ట్‌బాల్‌తో పాటు చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించే నెమ్మది బంతి) వేగం కూడా చూడాలి. ఫాస్ట్‌బాల్ 95 నుంచి 92కి పడి, చేంజప్ 86 దగ్గరే ఉండిపోతే రెంటి మధ్య తేడా తొమ్మిది మైళ్ల నుంచి ఆరుకి కుంచించుకుపోతుంది. చేంజప్‌లో లోపమేమీ లేకుండానే అది కొట్టడానికి తేలికైన బంతి అవుతుంది.

బంతి వదిలే ఎత్తు కూడా చూసుకోవాలి. వేగం తగ్గడంతో పాటు ఆ ఎత్తు రెండు మూడు అంగుళాలు కిందికి దిగిందంటే భుజమో మోచెయ్యో అడ్డం పడుతోందన్న అనుమానం రావాలి. అలాంటి పిచర్ మామూలుగా ఏం చేస్తాడంటే, ఫాస్ట్‌బాల్ మీద నమ్మకం పోయి స్లైడర్లు (పక్కకి తిరిగే బంతులు) పెంచుతాడు. స్ట్రైక్ జోన్ బయట వేసిన స్లైడర్‌ని బ్యాటర్లు కొన్ని వారాలు వెంటాడతారు. తర్వాత వదిలేయడం నేర్చుకుంటారు. అప్పుడు వాక్‌లు పెరుగుతాయి, వెనకబడ్డ కౌంట్లో (స్ట్రైక్‌ల కంటే చెడ్డ బంతులు ఎక్కువైనప్పుడు) ఫాస్ట్‌బాల్ వేయక తప్పదు, అది స్టాండ్స్‌లోకి పోతుంది. హోమ్ రన్లు పెరిగాయని పేపర్లో రాసేనాటికి జబ్బు మొదలై రెండు నెలలై ఉంటుంది. 2024లో క్రెయిగ్ కింబ్రెల్ బాల్టిమోర్‌కి 1.3 కోట్లకు వచ్చి సీజన్ సగం దాకా మ్యాచ్‌ల చివరి ఇన్నింగ్స్ బాగానే వేశాడు, తర్వాత కూలాడు, 5.33 ఈఆర్ఏతో సెప్టెంబరులో బయటికెళ్లాడు. సీజన్ మొత్తాన్ని ఒక్క అంకెగా చూస్తే ఇలాంటి మలుపు కనిపించదు.

బయట దొరికే లెక్కల్లో లేనిది ఒకటుంది: బుల్‌పెన్‌లో వేడెక్కి, మ్యాచ్‌లోకి రాకుండా మళ్లీ కూర్చున్న సార్లు. 65 మ్యాచ్‌లు వేసిన మనిషి ఇంకో పాతిక సార్లు ఊరికే వేడెక్కి ఉంటే, ఆ చెయ్యి నిజానికి 90 రోజులు పనిచేసింది. క్లబ్బులు దీన్ని రాసిపెట్టుకుంటాయి. మనకి దొరికేది దాని నీడ మాత్రమే: వరసగా రెండో రోజు వేసినప్పుడు వేగం ఎంత పడింది అన్నది. ఒక మైలు పైన పడుతుంటే అతణ్ని వారానికి మూడుసార్లు వాడే మనిషిగా లెక్కేసుకోకండి.

ఇక ఈ బేరాల్లో అందరూ పేర్ల గురించి కొట్టుకుంటారు కానీ, అసలు చిక్కంతా కుర్చీల్లో ఉంది. రోస్టర్ (మ్యాచ్‌లు ఆడే జట్టు జాబితా) 26 మంది, పిచర్లు 13కి మించకూడదు. ఐదుగురు స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) పోను ఎనిమిది కుర్చీలు. సీజన్లో దాదాపు 1440 ఇన్నింగ్స్ వేయాలి. స్టార్టర్ సగటున ఐదుకి కాస్త పైన వేస్తే 840 అవుతాయి. మిగిలిన 600లో ఎనిమిది మంది తలా 60 వేసినా 480. ఇంకో 120 ఇన్నింగ్స్ ట్రిపుల్ ఏ (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్) నుంచి వచ్చిపోయే కుర్రాళ్లే వేయాలి. వాళ్లు రావాలంటే ఎవరో ఒకరు కిందికి వెళ్లాలి. మేజర్ లీగ్‌లో ఐదేళ్ల సర్వీసు దాటిన ఆటగాణ్ని అతడి ఒప్పుకోలు లేకుండా మైనర్స్‌కి, అంటే కింది లీగుల్లోకి, పంపడం కుదరదు. ఆప్షన్లు (కిందికి పంపడానికి జట్టుకుండే వీలు, ఒక్కోటీ ఒక ఏడాదికి) ఉన్నవాడినైనా 2022 నుంచి ఏడాదికి ఐదుసార్లకు మించి పంపకూడదు, పంపిన పిచర్ 15 రోజులు అక్కడే ఉండాలి, ఎవరైనా గాయపడి ఆ స్థానంలోకి పిలిస్తే తప్ప.

ఎనిమిది కుర్చీల్లో ఆరింట్లో ఆప్షన్లు లేని సీనియర్లు కూర్చున్నారనుకోండి. మంగళవారం స్టార్టర్ రెండో ఇన్నింగ్స్‌లోనే దిగిపోయాడు, బుల్‌పెన్ ఏడు ఇన్నింగ్స్ మోసింది. బుధవారానికి తాజా చెయ్యి కావాలి. పంపడానికి ఉన్నది ఇద్దరే కుర్రాళ్లు, ఆ ఇద్దరే జట్టులో మూడో, నాలుగో మంచి రిలీవర్లు కావచ్చు. వాళ్లని పంపి జట్టుని బలహీనం చేసుకోవాలి, లేదా ఒక సీనియర్‌ని రోస్టర్ నుంచి తప్పించి ఏడు రోజుల్లోగా ట్రేడో వేవర్లో (ఇతర జట్లు తీసుకునేలా బయటపెట్టడం) తేల్చుకోవాలి. ఆ సీనియర్‌ని వదిలేస్తే మిగిలిన జీతం మీ నెత్తినే, తీసుకున్న జట్టు ఇచ్చేది కనీస జీతంలో మిగిలిన రోజుల వాటానే. కాబట్టి ఎనిమిదింట్లో కనీసం మూడు కుర్చీలు కదిలేవి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. రెండు సీజన్లుగా సగటుగా వేస్తున్న సీనియర్ కంటే, అంతే సగటుగా వేసే రెండు ఆప్షన్లున్న కుర్రాడు ఆ కుర్చీకి ఎక్కువ విలువ తెస్తాడు. పైగా 2026లో కనీస జీతం 7.8 లక్షల డాలర్లే.

ఎడమచేతి సీనియర్ల విషయంలో 2020 నుంచి ఇంకో మెలిక. మ్యాచ్‌లోకి వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లనైనా ఎదుర్కోవాలి, లేదా ఇన్నింగ్స్ ముగించాలి. ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం దింపి తీసేసే కాలం పోయింది. అందువల్ల అతడు కుడిచేతి వాళ్లమీద ఏం చేస్తాడన్నదే ధర నిర్ణయించాలి.

స్టార్టర్ల దగ్గర లెక్క వేరు. 2025కి ముందు నలభై దాటిన ముగ్గురు ఇంచుమించు ఒకే ధరకు పోయారు: జస్టిన్ వర్లాండర్ శాన్‌ఫ్రాన్సిస్కోకి కోటిన్నర, చార్లీ మోర్టన్ బాల్టిమోర్‌కి కోటిన్నర, మాక్స్ షెర్జర్ టొరంటోకి 1.55 కోట్లు. వర్లాండర్ 152 ఇన్నింగ్స్ వేసి 3.85 ఇచ్చాడు, గెలుపోటములు 4-11 అయినా సరే. షెర్జర్ 85 ఇన్నింగ్స్, 5.19. మోర్టన్ కుదురుకోలేక సీజన్ మధ్యలో డెట్రాయిట్‌కి వెళ్లాడు. అలాగని షెర్జర్ దండగని రాసేయకండి, వరల్డ్ సిరీస్ (ఆ ఏడాది ఫైనల్) ఏడో మ్యాచ్ మొదలుపెట్టింది అతడే. ఈ వయసు వాళ్ల దగ్గర కొనేది వంద ఇన్నింగ్స్ అనుకోవాలి. మిగతా 60కి ఆరో, ఏడో స్టార్టర్ ఇప్పుడే చేతిలో ఉండాలి, జూన్‌లో వెతకడం కాదు.

రిలీవర్‌ని స్టార్టర్‌గా మార్చే ఆలోచన ఈ మధ్య ప్రతి శీతాకాలం వస్తోంది. సెత్ లూగో దానికి మంచి ఉదాహరణ. కాన్సస్ సిటీ మూడేళ్లకు 4.5 కోట్లిచ్చింది, 2024లో 206 ఇన్నింగ్స్ పైన వేసి 3.00 ఈఆర్ఏతో అమెరికన్ లీగ్ సై యంగ్ (ఉత్తమ పిచర్ అవార్డు) ఓటింగ్‌లో రెండో స్థానం. అతడి దగ్గర అన్నిరకాల బంతులున్నాయి, మూడోసారి ఎదురొచ్చిన బ్యాటర్‌కీ కొత్తది చూపించగలడు. రెనాల్డో లోపెజ్ అదే ఏడాది అట్లాంటాలో 1.99 ఇచ్చి, 2025లో ఒక్క స్టార్ట్ తర్వాత భుజం శస్త్రచికిత్సకి వెళ్లాడు. రెండు బంతుల మనిషిని, ముందు ఏడాది 65 ఇన్నింగ్స్ వేసినవాణ్ని 150కి సాగదీయడం నాకు నచ్చని జూదం.

చివరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్లకి రాసే పెద్ద ఒప్పందాల మీద నాకు అనుమానమే ఎక్కువ. టానర్ స్కాట్‌కి డాడ్జర్స్ 2025కి ముందు నాలుగేళ్లకు 7.2 కోట్లిచ్చింది. మొదటి ఏడాది ఈఆర్ఏ 4.74. సీజన్ చివరి ప్లేఆఫ్స్‌లో ఆఖరి ఔట్లకు పిలిచింది స్టార్టర్‌గా తెచ్చుకున్న రోకి ససాకిని, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో ముందురోజే స్టార్ట్ చేసిన యోషినోబు యమమోటోని. ఆ జట్టుకి డబ్బు సమస్య కాదు. మిగతా జట్లకి సమస్యే, ఎందుకంటే లగ్జరీ ట్యాక్స్‌లో (మొత్తం జీతాలు ఒక గీత దాటితే జట్టు కట్టే పన్ను) ఒప్పందం ఏడాది సగటే పడుతుంది, 2026 గీత 24.4 కోట్లు. ఒప్పందం రాసేటప్పుడు మ్యాచ్‌ల సంఖ్యకి, ముగించిన మ్యాచ్‌లకి, ఇన్నింగ్స్‌కి బోనస్‌లు పెట్టొచ్చు, సేవ్‌లకీ ఈఆర్ఏకీ పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. గాయం నుంచి వస్తున్న సీనియర్‌కి తక్కువ జీతం, 40 మ్యాచ్‌ల నుంచి మెట్లుమెట్లుగా పెరిగే బోనస్ ఇద్దరికీ గిట్టుబాటు.

ఫిబ్రవరి దాకా మిగిలిపోయినవాళ్లలోంచి మైనర్ లీగ్ ఒప్పందంతో ఇద్దరు ముగ్గురిని స్ప్రింగ్ క్యాంపుకి పిలవడం దాదాపు ఖర్చులేని పని. తేదీలు మాత్రం గోడమీద రాసిపెట్టుకోవాలి. ఆరేళ్ల సర్వీసుండి, ముందు సీజన్‌ని మేజర్ లీగ్ రోస్టర్‌లో ముగించి ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా చేరే స్వేచ్ఛ ఉన్నవాడు) అయిన సీనియర్, ఓపెనింగ్ డేకి ఐదు రోజుల ముందు, మే 1న, జూన్ 1న తప్పుకోవచ్చు. ఆలోగా అతణ్ని క్లబ్బు 40 మంది మేజర్ లీగ్ జాబితాలో చేర్చాలో వద్దో తేల్చాల్సింది మార్చిలో వేసిన తొమ్మిది ఇన్నింగ్స్ ఈఆర్ఏతో కాదు, వరసగా రెండో రోజు వేసినప్పుడు రాడార్ చూపించిన అంకెతో.