చిన్నమ్మ వేళ్ళు, నెగటివ్ వచ్చిన రిపోర్టు

హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే నా చేతికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష రాని రోజు ఉండదు. శరీరం తన కీళ్ళ మీద తానే దాడి చేసుకునే కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఉందేమోనని చేసే రక్తపరీక్ష ఇది. నల్లని స్లైడు మీద ఒక చుక్క సీరం, దాని పక్కన పాలలా తెల్లగా ఉండే లేటెక్స్ ద్రావణం ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి, రెండు నిమిషాలు మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. పాలు విరిగినట్టు సన్నని పలుకులు తేలితే పాజిటివ్, పాలు పాలలాగే ఉండిపోతే నెగటివ్. ఆ లేటెక్స్ రేణువులకు మనిషి యాంటీబాడీలను, అంటే రోగక్రిములను పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రొటీన్లను, అంటించి ఉంచుతారు. రోగి రక్తంలో ఆ యాంటీబాడీల తోకను పట్టుకునే మరో యాంటీబాడీ ఉంటేనే రేణువులు గుంపు కడతాయి. యాంటీబాడీ మీదే దాడి చేసే ఈ యాంటీబాడీకే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అని పేరు. 1940లో నార్వేలో ఎరిక్ వాలర్ దీనిని గొర్రె ఎర్ర రక్తకణాల సాయంతో గుర్తించారు.

మెట్‌పల్లి వైపు ఉండే మా చిన్నమ్మకు ఈ పరీక్ష నెగటివ్ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టిన చేతులు ఆమెవి. "పొద్దుగాల వేళ్ళు ముడుసుకుంటలెవ్వు బిడ్డా, పదైతే గని సాపు గావు" అని ఆమె ఫోనులో చెప్పినప్పుడు, ఇంట్లో అందరం బీడీల పని వల్లేనని అనుకున్నాము, ఆ తరువాత చికున్‌గున్యా నొప్పులని అనుకున్నాము. చూపించిన చోట రిపోర్టు నెగటివ్ కాబట్టి వాతం లేదని చెప్పి, ఏడాదిన్నర పాటు నొప్పి మాత్రలే ఇచ్చారు. ఆ పరీక్ష పరిమితి తెలిసిన నేను కూడా గట్టిగా అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిలో నూటికి ఇరవై, ముప్పై మందికి ఈ ఫ్యాక్టర్ కనబడదు. మరోవైపు హెపటైటిస్ సి వంటి దీర్ఘకాల ఇన్ఫెక్షన్లలోనూ, ఏ జబ్బూ లేని కొందరు వృద్ధులలోనూ ఇది కనబడుతుంది. కాబట్టి విరిగిన పాలు జబ్బును రుజువు చేయవు, విరగని పాలు జబ్బు లేదని రుజువు చేయవు. చిన్నమ్మకు ఉదయం బిగుతు గంటకు మించి ఉండేది, రెండు చేతులలోనూ ఒకే విధంగా వేళ్ళ మొదళ్ళు, మణికట్లు వాచేవి, గోళ్ళ దగ్గరి కణుపులు మాత్రం బాగానే ఉండేవి. రిపోర్టు చెప్పనిదంతా ఆ చేతులే చెప్పాయి. చివరకు ఇదే జబ్బుకు చేసే మరో రక్తపరీక్ష, యాంటీ సీసీపీ, చేయిస్తే విలువ మామూలు హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉంది.

ఈ రెండో పరీక్ష వెనుక ఉన్న సంగతి నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. మన ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. పాడ్ అనే ఎంజైము దానిని సిట్రులిన్‌గా మారుస్తుంది, దానితో ధన విద్యుదావేశం పోయి ప్రొటీను మడతలు సడలుతాయి. వాపు ఉన్న ఏ కణజాలంలోనైనా ఇది కొంత జరుగుతుంది. కొందరి రోగనిరోధక వ్యవస్థ మాత్రం రూపు మారిన తన ప్రొటీనును పరాయిదిగా భావించి యాంటీబాడీలు తయారు చేస్తుంది. వాటి గురి సిట్రులిన్ మీదేనని 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. సిట్రులిన్‌ను మొదట పుచ్చకాయ రసం నుండి వేరు చేశారు, పేరు కూడా ఆ కాయ శాస్త్రీయ నామం నుండే వచ్చింది. ఇది చెబితే ఇక పుచ్చకాయ మానేయాలా అని కొందరు అడుగుతారు. అవసరం లేదు, తిన్న సిట్రులిన్‌కూ ప్రొటీను లోపల పుట్టే ఈ మార్పుకూ సంబంధం లేదు.

ఈ యాంటీబాడీలు జబ్బుకు గుర్తులు మాత్రమే కావు, నష్టంలో వాటికీ పాత్ర ఉంది. కీలు లోపలి పొరలో సిట్రులిన్ ఉన్న ప్రొటీన్లను ఇవి పట్టుకుని ముద్దలు కడతాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా ఉంటే, అది ఈ యాంటీబాడీల తోకలను కలిపి కుట్టినట్టు ముద్దను మరింత పెద్దది చేస్తుంది, అందుకే రెండూ ఉన్నవారిలో జబ్బు తరచుగా తీవ్రంగా ఉంటుంది. ఆ ముద్దలను మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు పట్టుకుని టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 వంటి వాపు పెంచే రసాయనాలను విడుదల చేస్తాయి, రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లు మేల్కొని న్యూట్రోఫిల్ తెల్లకణాలను రప్పిస్తాయి. ఆ న్యూట్రోఫిల్ కణాలు చనిపోతూ పాడ్ ఎంజైమును బయటకు చిమ్ముతాయి, దానితో మరిన్ని ప్రొటీన్లు సిట్రులిన్ బారిన పడి కొత్త గురులు పుడతాయి. ఇలా మంట తనకు కావలసిన కట్టెలను తానే సమకూర్చుకుంటుంది. లోపలి పొర దళసరెక్కి మృదులాస్థి మీదకు పాకుతుంది, ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు పెరిగి అంచులను కొరుకుతాయి. చిన్నమ్మ మణికట్టు ఎక్స్-రేలో ఎలుక కొరికిన రొట్టె అంచులాంటి ఆ గుంటలను నా కళ్ళతో చూశాను.

యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన కీళ్ళు వాచవు. వాపు మొదలవక ముందే రక్తనిధిలో దాచిన నమూనాలను నెదర్లాండ్స్‌లో పరీక్షించినప్పుడు, తరువాత జబ్బు పడిన 79 మందిలో దాదాపు సగం మందికి రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీలలో కనీసం ఒకటైనా అప్పటికే ఉందని తేలింది. ఆ వివరాలు 2004లో వెలువడ్డాయి. కొందరిలో అవి లక్షణాలకు పదేళ్ళకు పైగా ముందే ఉన్నాయి. ఊపిరితిత్తులలోనో, చిగుళ్ళలోనో ఈ కథ మొదలవుతుందని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువులోని కొన్ని రకాలు ఉన్నవారు పొగ తాగితే ప్రమాదం బాగా పెరుగుతుంది. రాతి ధూళిలోని సిలికా పీల్చడం కూడా ప్రమాద కారణమే కాబట్టి, కరీంనగర్ గ్రానైట్ క్వారీలలో పనిచేసేవారు కీళ్ళ బిగుతును వయసుకు వదిలేయకుండా చూపించుకోవాలని నా కోరిక. చిన్నమ్మ ఏనాడూ పొగ తాగలేదు. ఆమె జబ్బుకు బీడీల పనే కారణమని నేను అనను, ఆ పని వంకతో జబ్బును గుర్తించడం ఆలస్యమైంది.

ఇప్పుడు ఆమె ఈ జబ్బును అదుపు చేసే మెథోట్రెక్సేట్ మందును వారానికి ఒక్కసారే, ఆదివారం నాడు వేసుకుంటుంది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది కాబట్టి క్యాలెండరులో ఆదివారాలన్నిటికీ గుర్తు పెట్టించాను. మొన్న వచ్చినప్పుడు యాంటీ సీసీపీ మళ్ళీ చేయమని అడిగింది. వాపు తగ్గినా ఆ విలువ తగ్గకుండా ఉండిపోవచ్చని, చికిత్స పనిచేస్తోందో లేదో ఒంట్లో వాపును తెలిపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలలోనూ, వాచిన కీళ్ళ లెక్కలోనూ చూస్తారని చెప్పి, పిడికిలి బిగించి చూపించమన్నాను. కుడి చేతి చిటికెన వేలు పక్కకు వాలే ఉంది. మిగతా నాలుగు వేళ్ళు పూర్తిగా ముడుచుకున్నాయి.