స్టేటస్ పెట్టారు సరే, ప్లేట్‌లెట్స్ ఇస్తారా?

సెప్టెంబర్ వచ్చిందంటే మా ఫ్యామిలీ గ్రూపులో బంగారు రంగు రిబ్బన్లు మొదలవుతాయి, పిల్లల క్యాన్సర్ అవగాహన నెల కదా. మంచిదే, వద్దనను. కానీ మూడేళ్ల కిందట ఇదే గ్రూపులో రాత్రి పదకొండింటికి "బీ పాజిటివ్ ప్లేట్‌లెట్స్ అర్జెంట్" (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కణాలు) అని పెడితే వచ్చినవన్నీ దణ్ణాల బొమ్మలే. దాతలు సున్నా.

మా అక్క కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. కాళ్లు నొప్పులంటే ఎదిగే వయసులే అని కొబ్బరినూనె రాశాం. పిక్కల మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే దోమలనుకున్నాం, వేలితో నొక్కినా ఆ చుక్కలు పాలిపోలేదు, అయినా అది చర్మం కింద రక్తం కారడమని మాకు తట్టలేదు. జ్వరం మూడోసారి తిరగబెట్టాక గానీ రక్తపరీక్ష చేయించలేదు. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే, టైమ్‌కి వైద్యం మొదలుపెట్టి మధ్యలో మానకపోతే చాలామందికి నయమయ్యేదీ ఇదే. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. ఈ ముక్క డాక్టర్ చెప్పేదాకా మాకు ఎవరూ చెప్పలేదు, అంతా "అయ్యో పాపం" బ్యాచే.

కీమోతో, అంటే క్యాన్సర్ మందులతో, రక్తకణాల కౌంట్స్ పడిపోతాయి. లక్షన్నర పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్స్ ఆ రాత్రి వాడికి తొమ్మిది వేలు, చిగుళ్ల నుంచి రక్తం. ముందే తెచ్చి దాచుకుందామంటే ఐదు రోజులకు మించి నిలవ ఉండవు.

చివరికి ఇచ్చింది పక్క బెడ్ పాప వాళ్ల బాబాయి. మహబూబ్‌నగర్ వైపు ఊరు, కూలి పని వదులుకుని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో అద్దె గదిలో ఉంటున్న మనిషి. బావ డబ్బులివ్వబోతే "రేపు మా పాపకు అవసరం పడితె మీరియ్యుండ్రి అన్నా" అన్నాడు. గంజిలో పసుపు కలిపినట్టుండే ఆ సంచీ తగిలిస్తే మావాడు "మ్యాంగో జ్యూసా?" అని అడిగాడు.

ఇవ్వడం పెద్ద పనేం కాదు. ముందు టెస్ట్ చేస్తారు, ఒక మిషన్ మన రక్తంలోంచి ప్లేట్‌లెట్స్ మాత్రం తీసుకుని మిగతాది తిరిగి మనకే ఎక్కించేస్తుంది, గంటా గంటన్నర. మూడు రోజుల్లోపు యాస్పిరిన్ వేసుకుని ఉండకూడదు.

మావాడి మందులు ఆగి ఆరు నెలలైంది, చెకప్‌లకు వెళ్తున్నాడు. నేనిప్పుడు రిబ్బన్ పెట్టిన ప్రతివాళ్లనీ బ్లడ్ గ్రూప్ అడిగి రాసుకుంటున్నా. పదకొండు మంది చెప్పారు. మా పెదనాన్నగారబ్బాయి మాత్రం ఇంకా దణ్ణమే పెడుతున్నాడు.