బ్యాలట్ ఎక్కేలోపే గల్లాపెట్టె ఖాళీ

మన దగ్గర లోక్‌సభకి ఇండిపెండెంటుగా నిలబడాలంటే పాతిక వేల డిపాజిట్టు, ప్రతిపాదించడానికి పదిమంది ఓటర్ల సంతకాలు చాలు. ఆ పదిమందీ మన వీధిలోనే దొరుకుతారు. 2024లో టెక్సస్‌లో అధ్యక్ష పదవికి ఇండిపెండెంటుగా బ్యాలట్ మీద పేరు ఎక్కాలంటే అడిగిన సంతకాలు 1,13,151. అంతకుముందు అధ్యక్ష ఎన్నికలో ఆ రాష్ట్రంలో పోలైన ఓట్లలో ఒక శాతం. ఇంకా 49 రాష్ట్రాలున్నాయి. అమెరికాలో మూడో పార్టీలు ఎందుకు నిలవవు అంటే "జనాదరణ లేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు చాలామంది. ఈ కాగితాల ఖర్చు వాళ్లెప్పుడూ కూడి చూసి ఉండరు.

టెక్సస్ లెక్కనే చూడండి. గడువు ప్రైమరీ (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) మర్నాడు, అంటే మార్చి 6న మొదలై మే 13తో సరి. 69 రోజులు. ఆ ఏడాది ప్రైమరీలో ఓటేసినవాళ్ల సంతకం చెల్లదు. అంటే రాజకీయాల మీద కాస్తో కూస్తో ఆసక్తి ఉన్నవాళ్లంతా ముందే పోయారు. మిగిలినవాళ్లను పార్కింగ్ లాట్‌లో ఆపి సంతకం, పేరు, చిరునామా, కౌంటీ (మన జిల్లా లాంటిది), పుట్టిన తేదీ లేదా ఓటరు నంబరు, సంతకం పెట్టిన తేదీ రాయించుకోవాలి. కాగితాలు తిప్పినవాడు నోటరీ ముందు ప్రమాణం చెయ్యాలి. కొట్టివేతలు తప్పవు కాబట్టి కావలసినదానికి ఒకటిన్నర రెట్లు సేకరించడం తెలిసినవాళ్లు చేసే పని. అంటే సుమారు 1,70,000 సంతకాలు, రోజుకి 2,460. ఒక వాలంటీరు ఎండలో నిలబడి గంటకి పది సంతకాలు తెచ్చాడనుకున్నా రోజుకి 246 గంటల పని. సాయంత్రాలు వచ్చి సాయం చేసే అభిమానులతో అయ్యేది కాదు, కూలికి పెట్టుకోవాల్సిందే. కొలరాడో ఇలాంటి కూలిని నిషేధిస్తే, చెల్లదని 1988లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పట్నుంచి ఇదొక వ్యాపారం. సంతకానికి ఇంత అని రేటు. పది డాలర్లు అనుకుంటే ఒక్క టెక్సస్‌కే 17 లక్షల డాలర్లు. గడువు దగ్గరపడేకొద్దీ, పక్కన ఇంకో పిటిషన్ (సంతకాల దరఖాస్తు) వాళ్లు ఎక్కువ ఇస్తామన్నకొద్దీ రేటు పెరుగుతుంది. ఒకే మనిషి చేతిలో నాలుగు పిటిషన్లుంటాయి. ఎక్కువ ఇచ్చేవాడి కాగితం పైనుంటుంది.

అన్ని రాష్ట్రాలూ ఇలాగే ఉండవు. టెనెసీలో ఇండిపెండెంటుకి 275 సంతకాలు సరిపోతాయి. ఓక్లహోమాలో సంతకాలు వద్దనుకుంటే 35 వేల డాలర్లు కట్టేయొచ్చు. కాలిఫోర్నియాలో మాత్రం 2024లో 2,19,403 కావాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో 15 వేలుండేది, 2020లో దాన్ని 45 వేలు చేశారు. గడువు ఆరు వారాలే.

సంతకాలు ఎలా పోతాయి? ఇల్లు మారి ఓటరు జాబితాలో పాత చిరునామా మిగిలిపోయినవాళ్లు, వేరే కౌంటీ షీట్ మీద పెట్టినవాళ్లు, గుర్తులేక రెండోసారి పెట్టినవాళ్లు, అసలు ఓటే లేనివాళ్లు, తేదీ వదిలేసినవాళ్లు. ఇవన్నీ రోజువారీ తప్పులు. వీటిని పట్టుకోవడానికి అవతలి పెద్ద పార్టీ లాయర్లను పెట్టి జాబితా పక్కన జాబితా పెట్టి వరస వరస చూపిస్తుంది. 2004లో అధ్యక్ష పదవికి ఇండిపెండెంటుగా నిలబడ్డ రాల్ఫ్ నాడర్ పెన్సిల్వేనియాలో ఇచ్చినవి 51,273 సంతకాలు, కావాల్సినవి 25,697. రెట్టింపు ఇచ్చాడు కదా, కోర్టులో నిలిచినవి 18,818. పేరు పోయింది. అక్కడితో ఆగలేదు. అవతలివాళ్ల కోర్టు ఖర్చుల కింద 81 వేల డాలర్లు నువ్వే కట్టు అన్నారు. ఇలా ఖర్చులు వేస్తారని తెలిశాక చిన్న పార్టీలు అక్కడ పిటిషన్ ఇవ్వడానికే జంకేవి. ఆ పద్ధతి చెల్లదని ఫెడరల్ కోర్టులో తేలేసరికి పదేళ్లకి పైగా పట్టింది. ఇప్పుడు అక్కడ 5,000 సంతకాలు చాలు.

సరే, ఈ డబ్బు తెచ్చేదెలా? అమెరికా పద్ధతి మనకి తలకిందులు. మన దగ్గర అభ్యర్థి ఖర్చుకి పరిమితి ఉంటుంది, లోక్‌సభకైతే 95 లక్షలు. అక్కడ ఖర్చుకి హద్దు లేదు, ఇచ్చే చేతికి హద్దు. 2025-26లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకి 3,500 డాలర్లు మించి ఇవ్వకూడదు. ప్రైమరీ, జనరల్ రెండూ వేరు ఎన్నికలు కాబట్టి మొత్తం 7,000. ఇండిపెండెంటుకి ప్రైమరీ ఎక్కడిది, సగమేనా అని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు. బ్యాలట్‌కి దరఖాస్తు చేసే ఆఖరి తేదీనో, ఆ రాష్ట్రంలో పెద్ద పార్టీ ఆఖరి ప్రైమరీ తేదీనో తన ప్రైమరీగా ఎంచుకోవచ్చు. ఆ తేదీ సరిగ్గా చూసుకోకుండా తీసుకున్న విరాళాలు తర్వాత పరిమితి దాటి కూర్చుంటాయి. వెనక్కి ఇవ్వాలి. అప్పటికే ఆ డబ్బు సంతకాల కూలికి పోయి ఉంటుంది.

ఈ హద్దులు ఖాయం చేసింది 1976 నాటి సుప్రీంకోర్టు బక్లీ తీర్పు. ఆ కేసు వేసిన జేమ్స్ బక్లీ న్యూయార్క్ నుంచి కన్సర్వేటివ్ పార్టీ తరఫున గెలిచిన సెనేటరు, అంటే మూడో పార్టీవాడే. పక్కన నిలబడ్డ యూజీన్ మెకార్తీ ఆ ఏడాదే ఇండిపెండెంటుగా అధ్యక్ష పోటీలో ఉన్నాడు. విరాళాల హద్దులు కొత్తవాళ్ల గొంతు నొక్కుతాయని వాళ్ల వాదన. కోర్టు విరాళాల హద్దును ఉంచి, ఖర్చు హద్దును కొట్టేసింది. అభ్యర్థి తన సొంత డబ్బు ఎంతైనా పెట్టుకోవచ్చంది. ఆ ఒక్క సందులోంచి వచ్చినవాడే టెక్సస్ కోటీశ్వరుడు రాస్ పెరో. 1992లో చేతి చమురు 6 కోట్ల డాలర్లకి పైగా వదిలించుకుని 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. అధ్యక్షుణ్ని తేల్చే, రాష్ట్రాలవారీగా లెక్కపెట్టే ఎలక్టోరల్ ఓటు మాత్రం ఒక్కటీ రాలేదు. 2024లో అధ్యక్ష పదవికి ఇండిపెండెంటుగా నిలబడ్డ రాబర్ట్ కెనెడీ జూనియర్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా బాగా డబ్బున్న నికోల్ షానహన్‌ని ఎంచుకున్నప్పుడు ఈ రూలు తెలిసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేకపోయింది. టికెట్ మీద ఉన్న ఇద్దరిలో ఎవరి సొంత డబ్బుకీ పరిమితి లేదు.

అధ్యక్ష ప్రచారానికి ప్రభుత్వ నిధి ఉంది కదా అంటారు. ఉంది, లెక్క కూడా చూపిస్తాను. పోయిన అధ్యక్ష ఎన్నికలో 25 శాతం దాటితే పెద్ద పార్టీ, పూర్తి మొత్తం. 5 నుంచి 25 లోపైతే చిన్న పార్టీ. దాని ఓట్లను రెండు పెద్ద పార్టీల ఓట్ల సగటుతో భాగించి, ఆ నిష్పత్తిలో ఇస్తారు. 1992లో పెరోకి 1.97 కోట్ల ఓట్లు. క్లింటన్, బుష్‌ల సగటు 4.2 కోట్లు. నిష్పత్తి 0.47. 1996లో పెద్దవాళ్లకి తలా 6.18 కోట్ల డాలర్లు కాబట్టి పెరోకి వచ్చింది 2.9 కోట్లు. అది తీసుకున్నందుకు సొంత డబ్బు 50 వేల డాలర్లు మించి పెట్టనని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఓట్లు 8.4 శాతానికి పడ్డాయి.

ఇందులో మడతపేచీ ఏంటంటే, డబ్బు పోయిన ఎన్నికని చూసి ఇస్తారు. మొదటిసారి నిలబడ్డవాడికి 5 శాతం దాటితే ఎన్నికయ్యాక ఇస్తారు, ఆకలి తీరాక విస్తరేసినట్టు. 1980లో ఇండిపెండెంటు అభ్యర్థి జాన్ ఆండర్సన్ ఈ రాబోయే డబ్బు చూపించి అప్పు అడిగితే బ్యాంకులు ముందుకి రాలేదు. మద్దతుదారుల దగ్గరే అప్పు చేశాడు. 6.6 శాతం ఓట్లకి ఎన్నిక తర్వాత 42 లక్షల డాలర్లొచ్చాయి. కార్టర్‌కీ రీగన్‌కీ ముందే తలా 2.94 కోట్లు చేతికొచ్చాయి. ఇక చిన్న పార్టీ దగ్గర డబ్బు ఉంటే ఏమవుతుందో 2000లో పెరో పెట్టిన రిఫార్మ్ పార్టీ చూపించింది. పెరో 1996 ఓట్ల పుణ్యమా అని దాని అభ్యర్థికి 1.26 కోట్ల డాలర్లు రాసిపెట్టి ఉన్నాయి. ఆ డబ్బు కోసమని నేను అంటాను, ఎవరేమనుకున్నా: పాట్ బుకానన్ రిపబ్లికన్ పార్టీ వదిలి వచ్చాడు. పార్టీ రెండు ముక్కలై లాంగ్ బీచ్‌లో రెండు సమావేశాలు పెట్టుకుంది. ఫెడరల్ ఎన్నికల సంఘం (ఎఫ్‌ఈసీ) డబ్బు బుకానన్‌కే ఇచ్చింది. ఓట్లు 0.4 శాతం. పార్టీ మళ్లీ లేవలేదు. అదే ఏడాది గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ నాడర్ 5 శాతం కోసమే ఓటెయ్యమని అడిగి 2.74 దగ్గర ఆగాడు. 2016లో లిబర్టేరియన్ గ్యారీ జాన్సన్ 3.3 దగ్గర. 2008లో ఒబామా ఈ నిధి వద్దన్నాడు, ఆ తర్వాతి ఎన్నిక నుంచి పెద్దవాళ్లు దాన్ని ముట్టుకోవడమే మానేశారు.

మరి కోటీశ్వరుడు ఒకడు పూనుకుంటే? 2025 జులైలో ఎలాన్ మస్క్ కొత్త పార్టీ పెడతానన్నప్పుడు అందరూ ఆయన ఆస్తి చూశారు, చట్టం చూసినవాళ్లు తక్కువ. ఆయన పుట్టింది బయట కాబట్టి అధ్యక్ష అభ్యర్థి కాలేడు. అభ్యర్థి కానివాడికి సొంత డబ్బు సందు మూసుకుపోయినట్టే. 2025-26లో జాతీయ పార్టీకి ఒక మనిషి ఏడాదికి ఇవ్వగలిగింది 44,300 డాలర్లు. రాష్ట్ర పార్టీకైతే పదివేలు. అదే మనిషి సూపర్ పాక్‌కి (అభ్యర్థితో సంబంధం లేకుండా ప్రచారానికి ఖర్చు పెట్టే సంస్థకి) ఎంతైనా ఇవ్వచ్చు. 2024లో ట్రంప్ కోసం 25 కోట్ల డాలర్లకి పైగా అలాగే ఇచ్చాడు. అంటే ఉన్న పార్టీని ఊపడానికి హద్దు లేదు, లేని పార్టీని కట్టడానికి ఉంది. చనిపోయినవాళ్లకీ ఈ హద్దు తప్పదు. లిబర్టేరియన్ పార్టీకి ఒకాయన వీలునామాలో 2,35,000 డాలర్ల పైచిలుకు రాసిపోతే, చచ్చిపోయినవాడు ఏ నాయకుణ్ని లంచంతో కొంటాడు అని పార్టీ కోర్టుకెళ్లింది. 2019లో అప్పీలు కోర్టు చాలావరకు ఎన్నికల సంఘం వైపే తీర్పిచ్చింది.

సూపర్ పాక్‌తో సంతకాలు తెప్పించుకుంటే సరిపోదా అంటే, అభ్యర్థితో కూడబలుక్కుంటే ఆ ఖర్చు విరాళం కిందికొస్తుంది. సూపర్ పాక్ అభ్యర్థికి విరాళం ఇవ్వడమే కుదరదు. కెనెడీ కోసం పనిచేసిన సూపర్ పాక్ మీద డెమోక్రాట్లు 2024 ఫిబ్రవరిలో ఇదే ఫిర్యాదు పెట్టారు. ఫిర్యాదు తేల్చాలంటే ఎన్నికల సంఘంలో ఆరుగురిలో నలుగురు ఒకటవ్వాలి, ఒక పార్టీవాళ్లు ముగ్గురికి మించకూడదు. 2025 మేకి కోరమే లేకుండా పోయింది.

ఎవరి డబ్బుతో ఎవరు నిలబడ్డారన్నది మనవాళ్లకి కొత్త చెప్పక్కర్లేదు. కారు పక్కన రోడ్డు రోలర్ గుర్తు చూసినవాళ్లం. 2006లో పెన్సిల్వేనియా సెనేట్‌కి గ్రీన్ పార్టీ అభ్యర్థి సంతకాల ఖర్చు పెట్టింది రిపబ్లికన్ సెనేటర్ రిక్ శాంటోరమ్ మద్దతుదారులు. 2020లో ఫ్లోరిడా రాష్ట్ర సెనేట్‌లో ఒక సిట్టింగ్ డెమోక్రాట్ 32 ఓట్లతో ఓడిపోయాడు. అదే ఇంటిపేరున్న ఊరూ పేరూ లేని ఇండిపెండెంటుకి 6 వేలకి పైగా పడ్డాయి. నిలబెట్టడానికి డబ్బిచ్చిన మాజీ సెనేటర్ ఫ్రాంక్ ఆర్టిలెస్‌ని 2024లో జ్యూరీ దోషి అంది. పెద్ద స్థాయిలోనూ ఒక్క పేరు చాలు: కోటీశ్వరుడు టిమొథీ మెలన్ కెనెడీ సూపర్ పాక్‌కి 2.5 కోట్ల డాలర్లు ఇచ్చాడు, ట్రంప్ సూపర్ పాక్‌కి 5 కోట్లు ఒక్కసారే ఇచ్చాడు.

మీరే చూసుకోవాలంటే ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో వ్యక్తుల విరాళాల వెతుకులాట ఉంది. అభ్యర్థి పేరుతో కాదు, ఇచ్చినవాడి పేరుతో వెతకండి. 200 డాలర్లు దాటితే పేరు, ఊరు, ఉద్యోగం, యజమాని అన్నీ కనిపిస్తాయి. అతను ఇంకెవరికి ఇచ్చాడో పక్కనే ఉంటుంది. ఖర్చుల పట్టీలో సంతకాల కంపెనీ పేరు చూసి, అదే కంపెనీ పెద్ద పార్టీకి పనిచేసిందా చూడండి. ఒక్క చోట కళ్లు కట్టేస్తారు: ఎన్నికకి ముందు ఆఖరి నివేదిక పోలింగుకి ఇరవై రోజుల ముందుతో ఆగుతుంది. ఆ తర్వాత పుట్టిన సూపర్ పాక్ ఎంత ఖర్చు పెట్టిందో 24 గంటల్లో చెప్పాలి గానీ, ఎవరిచ్చారో ఓట్లు లెక్కపెట్టాకే బయటికొస్తుంది.

అక్కడున్న మనవాళ్లకి నాలుగు మాటలు. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్1 మీద ఉంటే ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, మూడో పార్టీకైనా సరే, ఊరి మేయరు ఎన్నికకైనా సరే. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వచ్చు. వీసా మీద ఉన్న బావమరిది డబ్బు మీ కార్డు మీద ఇస్తే అది పరుల పేరిట విరాళం, నేరం. భార్యాభర్తలు వేరువేరుగా 3,500 ఇవ్వచ్చు గానీ ఉమ్మడి ఖాతా చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. మీ కార్పొరేషన్ చెక్కు వద్దే వద్దు. వంద డాలర్లు దాటిన నగదు కూడా.

కెనెడీ సంగతి పూర్తి చేస్తాను. న్యూయార్క్‌లో ఆయన ఇచ్చిన చిరునామా నిజమైన నివాసం కాదని కోర్టు పేరు తీసేసింది. ఆగస్టు 23న ప్రచారం ఆపి ట్రంప్‌కి మద్దతిచ్చాక, పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల్లో తన పేరు తీసెయ్యమని లాయర్లను పెట్టుకున్నాడు. విస్కాన్సిన్, మిషిగన్ ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు అక్టోబరు ఆఖర్లో కాదంది. ఎక్కడానికి అంత ఖర్చు పెట్టించిన ఆ పేరు, దిగడానికి పెట్టిన ఖర్చు కూడా దండగై, ఆ రెండు రాష్ట్రాల బ్యాలట్ మీద అలాగే అచ్చయింది.